టోపీ పెట్టెలో తోడు

బండి ఆగింది. గుర్రాల్ని మార్చే మజిలీ. గంటల తరబడి ఎగిరెగిరి పడిన నడుములు పట్టుకుని జనం ఒక్కొక్కరే దిగుతున్నారు. కొందరు సత్రంలోకి నడిచారు, కొందరు గోడ చాటుకి. ఒకాయన మాత్రం టోపీ పెట్టెను పసిబిడ్డలా పొదివి పట్టుకుని నేరుగా నీళ్లున్న చోటికి వెళ్లాడు. మూత తెరిచాడు. లోపల టోపీ లేదు. రెండు పాత్రలున్నాయి. వాటి మీద చన్నీళ్లు కుమ్మరించాడు. అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. ఇంకాసిని పోశాడు. బండి కదిలే వేళకి వచ్చి, తడి పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాతి మజిలీలోనూ అంతే. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే.

ఈయన వాలకం చూసి బండివాడేమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. వింతగానే తోచి ఉంటుంది. శుభ్రమైన కోటు తొడుక్కున్న పెద్దమనిషి, తన గొంతు తడుపుకోవడం మానేసి పెట్టె తడుపుతున్నాడు! పోనీ మూత తీసి చూపించినా వాడికి అర్థమయ్యేది కాదు. మీగడలా చిక్కగా, కాస్త గోధుమ రంగు తిరిగిన జిగురు ముద్ద. దగ్గరికెళ్తే బీరు వాసన.

అది 1845. బండి వస్తున్నది బవేరియా రాజధాని మ్యూనిక్ నుంచి. ఆయన చేరాల్సింది డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి, ఆ పైన సముద్రం. పెద్దమనిషి పేరు యాకోబ్ క్రిస్టియన్ యాకబ్సెన్. వయసు ముప్ఫై దాటింది. వృత్తి బీరు కాచడం. పాత్రల్లో ఉన్నది ఈస్ట్. మన వంటింటి మాటలో చెప్పాలంటే, తోడు.

*

పాలు తోడుపెట్టడం తెలియని తెలుగిల్లు ఉండదు కాబట్టి, యాకబ్సెన్ ఆదుర్దా మనకి అర్థమైనంతగా ఆ బండివాడికి అర్థమై ఉండదు. గిన్నె అడుగున మిగిల్చిన చెంచాడు పెరుగే రేపటి పెరుగు. మర్చిపోయి అది కూడా ఊడ్చి తినేస్తే పక్కింటి తలుపు తట్టాలి. ‘పిన్నిగారూ, కాస్త తోడుంటే ఇస్తారా?’ ఇవ్వనన్న పిన్నిగారిని నేనింతవరకు చూడలేదు. అయితే ఆ తోడు మంచిదై ఉండాలి. జిగట పెరుగు తోడేస్తే కుండెడు పాలూ తీగలు సాగుతాయి.

బీరుదీ అదే కథ. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, నలగ్గొట్టి, వేణ్ణీళ్లలో నానిస్తే తియ్యటి నీళ్లు దిగుతాయి. వాటిని హాప్స్ పూలతో మరగనిచ్చి, చల్లార్చి, తోడు వేయాలి. తీపిని తినేసి దాని బదులు మత్తునీ బుడగల్నీ ఇచ్చేది ఆ తోడే. కల్లు గీసేవాళ్లకి ఈ బెంగ లేదు. నిన్నటి కల్లు తడి అంటుకున్న లొట్టే ఇవాళ్టి కల్లుకి తోడు. పులవకుండా నీరాగా దించాలనుకుంటేనే లొట్టికి సున్నం పుయ్యాలి. బార్లీ నీళ్లకి ఆ వెసులుబాటు లేదు. మరిగిన నీళ్లలో పాతవేవీ బతకవు. బయటి నుంచి ఎవరో ఒకరు తెచ్చి వెయ్యాల్సిందే. ఎక్కణ్ణుంచి తెచ్చాం, ఎలా తెచ్చాం, ఏ చేత్తో వేశాం అన్న దాంట్లోనే అంతా ఉంది.

కోపెన్‌హాగన్‌లో తోడు దొరక్క కాదు ఈ తిప్పలు. అక్కడి తోడు పైకి తేలే రకం. గది వేడిలోనే రెండు మూడు రోజుల్లో బుసబుసా పొంగి, నురగతో పాటు పైకొస్తుంది. దాంతో తయారయ్యేది పలచటి ఇంటి బీరు. త్వరగా తయారవుతుంది, అంత త్వరగానూ పులుస్తుంది. బవేరియా తోడు వేరు. చలిలో, ఐదు నుంచి పది డిగ్రీల మధ్య, తొందర లేకుండా పనిచేస్తుంది. పని అయ్యాక బుద్ధిగా అడుక్కి దిగుతుంది. పైన తేట మిగులుతుంది. ఆ తేటని చలి నేలమాళిగలో పీపాల్లో నెలల తరబడి మాగబెడితే వచ్చేదే లాగర్. లాగర్ అంటే జర్మన్‌లో నిల్వ చెయ్యడం అనే. ఎండాకాలం వచ్చినా చెడని బీరు అప్పట్లో అద్భుతం కిందే లెక్క.

చలిలో పుట్టిన ఆ తోడుకి బండిలోని ఉక్క విషం. వేడెక్కితే అది తనను తానే తినేసుకుని చచ్చిపోతుంది. అందుకే ఆ చన్నీళ్లు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఆయన ఒళ్లో ఉన్నది ప్రాణమున్న వస్తువా, కాదా అన్నది 1845 నాటికి తేలనే లేదు. ఈస్ట్ బతికున్న జీవి అని 1837 ప్రాంతంలో ముగ్గురు శాస్త్రవేత్తలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చెప్పారు. ఆ కాలపు రసాయన శాస్త్ర దిగ్గజం లీబిగ్, ఆయన మిత్రుడు వోలర్ వాళ్లని నవ్వులపాలు చేస్తూ 1839లో తమ పత్రికలో ఎగతాళి వ్యాసమే వేశారు. లూయీ పాశ్చర్ వచ్చి తేల్చేందుకు ఇంకా పన్నెండేళ్లుంది. పండితుల తగువు తెగేదాకా ఆగితే ముద్ద కుళ్లిపోతుంది. ఆయన నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

*

యాకబ్సెన్ తండ్రి ఊరి నుంచి కోపెన్‌హాగన్‌కి వచ్చి బీరు బట్టీలో పనివాడిగా చేరి, చివరికి సొంత బ్రూవరీ పెట్టుకున్న రైతుబిడ్డ. బ్రోలెగ్గర్‌స్ట్రేడ అనే వీధిలో ఇల్లూ కార్ఖానా ఒకే ప్రాంగణం. ఊళ్లో బ్రూవరీకి థర్మామీటర్ తెచ్చిన మొదటి మనిషి ఆయనేనని చెబుతారు. మిగతావాళ్లంతా నీళ్లలో చెయ్యి పెట్టి, చుర్రుమంటే ఒక లెక్క, ఓర్చుకోగలిగితే ఒక లెక్క అన్నట్టు కాచేవాళ్లు. కొడుకు ఇంకో మెట్టెక్కాడు. కరెంటుకీ అయస్కాంతానికీ చుట్టరికం కనిపెట్టిన ఆయర్‌స్టెడ్ ఆ ఊళ్లోనే పాఠాలు చెబుతుండేవాడు. బీరు కాచే కుర్రాడు వెళ్లి ఆ పాఠాలు వినేవాడు.

తండ్రి 1835లో పోయాడు. బ్రూవరీ ఇరవైల్లో ఉన్న కొడుకు చేతికొచ్చింది. నడుస్తున్న వ్యాపారాన్ని నడుపుకుపోతే ఎవరూ తప్పుపట్టరు. ఈయనకి మాత్రం జర్మనీలో రుచి చూసిన బవేరియా బీరు మీద మనసు పడింది. తొలి ప్రయోగాలు చేసింది కార్ఖానాలో కాదట, తల్లి బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో. దుప్పట్లు ఉడకాల్సిన కాగులో కొడుకు బార్లీ నీళ్లు కాస్తుంటే ఆవిడ ఏమందో చరిత్రకెక్కలేదు. మన అమ్మలైతే ఏమనేవాళ్లో మనకి తెలుసు.

పద్ధతి నేర్చుకోవాలంటే బవేరియాకే పోవాలి. అక్కడ స్పాటెన్ బ్రూవరీ యజమాని గాబ్రియేల్ సెడ్ల్‌మైర్. ఇద్దరూ 1811లోనే పుట్టారు. ఈ సెడ్ల్‌మైర్ గురించి ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు కదల్లేను. 1833లో ఆయనా, వియన్నా బ్రూవరీ వారసుడు ఆంటోన్ డ్రెహర్ కలిసి ఇంగ్లండ్, స్కాట్లండ్ వెళ్లారు. పైకి విహారయాత్ర. లోపల పని వేరు. అక్కడి బ్రూవరీలు చూపిస్తామని పిలిస్తే, చేతికర్రలు ఊపుకుంటూ దొరబిడ్డల్లా వెళ్లేవాళ్లు. ఆ కర్రలు లోపల బోలు. అడుగున కవాటం. గైడు అటు తిరగ్గానే కర్ర పులుస్తున్న తొట్టిలో మునిగేది, కాసిని చుక్కలు మింగి పైకొచ్చేది. బసకి వెళ్లి ఆ చుక్కల చక్కెర బలం కొలుచుకునేవాళ్లు. పట్టుబడి తన్నులు తినకుండా ఎలా బయటపడుతున్నామా అని వాళ్లే ఆశ్చర్యపోయారట.

పరాయివాడి తొట్టిలో కర్ర ముంచిన మనిషి, తన గుమ్మంలోకి వచ్చిన డెన్మార్క్‌వాడికి మాత్రం ఏదీ దాచలేదు. పని నేర్పాడు. వెళ్లేటప్పుడు రెండు పాత్రల్లో తోడు పోసిచ్చాడు. చేసిన దొంగతనాలు గుర్తొచ్చి ఇచ్చాడో, పిన్నిగారి గుణం వల్ల ఇచ్చాడో మరి.

*

తోడు ప్రాణాలతో కోపెన్‌హాగన్ చేరింది.

తర్వాతి రోజుల్ని ఎవరూ గంట గంటకీ రాసుకోలేదు. కానీ ఈ పని ఏ ఊళ్లో ఎవరు చేసినా ఒకేలా జరుగుతుంది కాబట్టి, ఆ గదిలోకి తొంగి చూడటం కష్టమేం కాదు.

మూత లేని చెక్కతొట్టి. చల్లారిన తీపినీళ్లలో తోడు కలిపారు. మొదటి రోజు ఏమీ ఉండదు. నిశ్శబ్దం. తోడు చచ్చిందా అన్న అనుమానం మొదలవుతుంది. రెండో రోజు అంచుల వెంబడి తెల్లటి నురగ, ముగ్గు వేసినట్టు. ఆ తర్వాత అది లేచి, చుట్టలు తిరిగి, కాలీఫ్లవర్‌లా గుత్తులు కట్టి, హాప్స్ జిగురు అంటుకుని గోధుమరంగుకి తిరుగుతుంది. వారం పదిరోజులకి నురగ చప్పగా కూలిపోతుంది. బుడగలు సన్నగిల్లుతాయి. పైన తేరుకుంటుంది, అడుగున మడ్డి.

ఇప్పుడుంది అసలు పని. ఈ పచ్చిబీరుని తొట్టిలోంచి పీపాలోకి మార్చాలి.

వినడానికి ఏముంది? ఇందులోంచి అందులోకి పొయ్యడమే కదా! కానీ బీరు చెడేది ఎక్కువగా ఈ ఘడియలోనే. కాగులో ఉన్నంతసేపూ మంట కాపలా. తొట్టిలో పొంగుతున్నంతసేపూ పైనున్న నురగా, లేస్తున్న గాలీ కాపలా. పాత్ర మారేటప్పుడు మాత్రం దానికి దిక్కులేదు. ఎత్తు నుంచి దబదబా పోశారో, గాలి కలిసిపోతుంది. మూణ్ణెల్ల తర్వాత పీపా తెరిస్తే తడిసిన అట్టముక్క నమిలినట్టుంటుంది. గొట్టం శుభ్రంగా లేకపోతే పులుపు పురుగులు దిగుతాయి. పోనీ భయపడి మార్చకుండా అక్కడే వదిలేద్దామా అంటే, అడుగున చచ్చిన ఈస్ట్ కుళ్లి ఉడికిన మాంసం వాసన ఎక్కుతుంది.

కాబట్టి చప్పుడు కాకుండా, సుడి తిరగకుండా మార్చాలి. గొట్టం కొస కింది పీపా అడుగుని తాకుతూ ఉండాలి. పై కొస మడ్డికి నాలుగు వేళ్లు ఎగువన ఆగాలి. చింతపండు రసం మీది తేట వంచేటప్పుడు వంటమనిషి ఊపిరి బిగబడుతుంది చూడండి, అంత నిదానం. చివరి చెంబెడు తేట మీద ఆశపడి గొట్టం దించితే, మడ్డి ఒక్కసారిగా మబ్బులా లేస్తుంది. ఆ చెంబెడు వదిలేసినవాడే పనివాడు.

ఇంకో ప్రమాదముంది. పులిసేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు గాలి మామూలు గాలి కన్నా బరువు. తొట్టి లోపలా, నేలమాళిగ అడుగునా కంటికి కనపడని నీళ్లలా నిలుస్తుంది. పాతకాలపు బ్రూవరీల్లో తొట్టి కడగడానికి దిగేముందు వెలిగించిన దివ్వె దించి చూసేవాళ్లు. దివ్వె ఆరిపోతే మనిషి దిగకూడదు.

తేట దిగిపోయాక తొట్టిలో మిగిలిన మడ్డి పారబోసేది కాదు. దగ్గరగా చూస్తే అది మూడు పొరలు. పైన జిగురు మరకలతో నల్లగా ఒకటి. అట్టడుగున ముందే చచ్చిపడిన ఈస్టూ చెత్తా. మధ్యన మాత్రం వెన్నలా తెల్లగా, గట్టిగా ఒక పొర. పైపొరని గీకేసి, అట్టడుగుదాన్ని కదపకుండా, ఆ మధ్య పొరని తీసి, చన్నీళ్లతో కడిగి దాచాలి. మ్యూనిక్ నుంచి వచ్చిన రెండు పాత్రలు అలా నాలుగయ్యాయి, నాలుగు నలభయ్యాయి.

పీపాల్ని పెట్టడానికి చలిచోటు కావాలి. యాకబ్సెన్ వీధిలో అంత లోతైన నేలమాళిగ లేదు. ఊరి కోటగోడల కింద ఉన్న మాళిగల్ని వాడుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. శత్రువుల కోసం కట్టిన గోడల కింద బీరు పడుకుంది. మిగిలిన కొద్దిపాటి తీపిని తోడు నెమ్మదిగా తింటుంది, పచ్చివాసనలు పోతాయి, మసక తేరుకుంటుంది. తొందరపెట్టి ఏ ఒక్కటీ చేయించలేం.

*

ఇక వ్యాపారం పెరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తల్లి పోయాక వచ్చిన ఆస్తితో యాకబ్సెన్ ఊరి బయట వాల్బీ గుట్ట మీద స్థలం కొన్నాడు. కోపెన్‌హాగన్ నుంచి రోస్కిల్డెకి రైలుమార్గం పడింది ఆ పక్కనుంచే. గుట్ట తవ్వినప్పుడు మంచినీళ్లు పడ్డాయి. నీళ్లూ రైలూ ఒకేచోట దొరికితే బ్రూవరీకి అంతకన్నా ఏం కావాలి! కొడుకు కార్ల్ పేరుకి, గుట్ట అనే అర్థమున్న ‘బర్గ్’ తగిలించి కార్ల్స్‌బర్గ్ అన్నాడు. అక్కడ మొదటి కాపు 1847 నవంబరు 10న.

పేరు పెట్టిన కొడుకుతోనే చివరికి పేచీ వచ్చింది. ఆస్తికోసం కాదు, పీపాల కోసం. తండ్రి లెక్కలో పీపాలోకి మారిన బీరు నిండా మాగేదాకా కదలకూడదు. కొడుకు లెక్కలో జనం అడుగుతున్నారు, గిరాకీ ఉంది, త్వరగా బయటికి తియ్యాలి. తండ్రి పక్కనే మరో బ్రూవరీ అప్పగిస్తే, కార్ల్ తక్కువ రోజులు మాగబెట్టి ఎక్కువ బీరు అమ్మాడు. పెద్దాయన మండిపడ్డాడు. 1882 నాటికి ‘పాత కార్ల్స్‌బర్గ్’, ‘కొత్త కార్ల్స్‌బర్గ్’ అని రెండు కొట్లయ్యాయి. రెండు బ్రూవరీల మధ్య దారికి ఏ పేరు పెట్టాలన్న దానిమీదా పడక, తండ్రీకొడుకులు పోటీగా పేరు పలకలు పాతించారు. ఈ పలకల యుద్ధం చూడటానికి ఊళ్లో జనానికి టిక్కెట్టు కూడా అక్కర్లేకపోయింది.

ఎవరిది న్యాయం అంటే, నా ఓటు పెద్దాయనకే. అయితే ఒకటి. బీరు జబ్బుపడ్డప్పుడు అది పడింది తొందరపడ్డ కొడుకు ఇంట్లో కాదు, నిదానస్తుడైన తండ్రి ఇంట్లో.

*

1883. పాత కార్ల్స్‌బర్గ్‌లో బీరు పాడైంది. అంతకుముందే ఊళ్లోని మరో బ్రూవరీకి ఈ బెడద తగిలింది. మసక, చేదు, ముక్కుకి పడని వాసన. గింజ అదే, నీళ్లు అవే, మనుషులు వాళ్లే. తొట్లు తోమారు. గొట్టాలు కడిగారు. మళ్లీ కాచారు. మళ్లీ అదే వాసన.

పాశ్చర్ 1876లో బీరు మీద పుస్తకమే రాశాడు. జబ్బులన్నిటికీ బాక్టీరియా కారణమన్నాడు. యాకబ్సెన్‌కి పాశ్చర్ అంటే ఎంతో గురి. కానీ ఇక్కడ బాక్టీరియాతో సమాధానం దొరకలేదు.

యాకబ్సెన్ 1875లోనే బ్రూవరీకి అనుబంధంగా ఒక లేబొరేటరీ పెట్టించాడు. అందులో పనిచేసే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్‌ది మామూలు కథ కాదు. రీబె అనే చిన్న ఊళ్లో పేదింట్లో పుట్టాడు. తండ్రి ఇళ్లకి రంగులేసేవాడు, తల్లి బట్టలుతికేది. తనూ కొన్నాళ్లు రంగులేశాడు. పాఠాలు చెప్పి బతికాడు. ముప్ఫై ఏళ్లకి అటూ ఇటూగా చదువు మొదలెట్టాడు. డార్విన్ ఓడ ప్రయాణాల పుస్తకాన్ని స్నేహితుడితో కలిసి డానిష్‌లోకి తెచ్చాడు. యూనివర్సిటీ బంగారు పతకం తెచ్చిపెట్టిన పరిశోధన దేనిమీదనుకున్నారు? పేడ మీద మొలిచే బూజుల మీద! బీరు జబ్బు కనిపెట్టడానికి ఇంతకన్నా తగిన మనిషి యూరప్‌లో ఉండడు.

హాన్సెన్ అనుమానం ఎవరికీ రానిది. బయటినుంచి పడ్డ పురుగులు కావేమో. తోడే కల్తీ అయిందేమో. మైక్రోస్కోపులో చూస్తే ఈస్ట్ అంతా గుండ్రటి గింజలే, కుదురైనదేదో కంతిరిదేదో పోలిక తెలియదు. తోటల్లో పళ్ల మీద బతికే అడవి ఈస్ట్ గాలివాటుగా వచ్చి, మూత లేని తొట్టిలో, పాత్ర మారే ఏదో ఘడియలో, మంచి ఈస్ట్‌తో కలిసి కాపురం పెట్టింది. ఆ పైన ఏటేటా మధ్య పొర తీసి కడిగి దాచుకున్నంత శ్రద్ధగా దాన్నీ దాచారు. మంచి తోడుతో పాటు చెడ్డ తోడూ వారసత్వంగా వచ్చింది.

మరి విడదియ్యడం ఎలా? కుప్పలో లక్షల గింజలుంటే ఒక్క గింజని ఏరాలి, అదీ కంటికి కనపడని గింజని. హాన్సెన్ ఏరలేదు. పలచన చేశాడు. మైక్రోస్కోపు కింద చుక్కలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టాడు. నీళ్లు కలుపుతూ కలుపుతూ, రెండు కొలతలు తీస్తే సగటున ఒక్క కణం మాత్రమే వచ్చేంత పలచన చేశాడు. ఒక్కో కొలతని ఒక్కో గాజు కుప్పెలో, శుద్ధమైన తీపినీళ్లలో వేశాడు. బాగా కుదిపి, కదపకుండా వదిలేశాడు. కొన్నిట్లో ఏమీ పుట్టలేదు. కొన్ని కుప్పెల్లో రెండు మూడు తెల్ల మచ్చలు కనిపించాయి, అంటే అందులో పడ్డవి రెండు మూడు కణాలు, అవి అక్కర్లేదు. కొన్నిట్లో గాజుగోడకి ఒకే ఒక్క తెల్లచుక్క. చిన్నది, బియ్యపు నూకంత. ఆ చుక్కలో ఉన్నవన్నీ ఒకే తల్లి పిల్లలు.

అలా కార్ల్స్‌బర్గ్ తోడులోంచి నాలుగు రకాలు బయటపడ్డాయి. నాలుగింటితో విడివిడిగా కాచి చూస్తే మంచి బీరు ఇచ్చింది ఒక్కటే.

ఇప్పుడా ఒక్కదాన్ని బ్రూవరీకి సరిపడా పెంచాలి. వేళ్ల సందున పట్టే కుప్పెలోంచి పెద్ద కుప్పెలోకి, అక్కణ్ణుంచి రాగి పాత్రలోకి, అక్కణ్ణుంచి తొట్టిలోకి. మళ్లీ పాత్ర మార్పులే. ప్రతి మార్పులోనూ అదే గండం. హంస మెడలా వంగిన గొట్టం ఉన్న పాశ్చర్ కుప్పెలే ఇక్కడ పనికొచ్చాయి. గాలి పోతుంది, ధూళి పోదు. పాశ్చర్ మాట నిలవనిచోట ఆయన కుప్పె ఆదుకుంది. ఈ పనికోసమే హాన్సెన్, బ్రూవరీ అధికారి క్యూలేతో కలిసి తర్వాత మూతలు బిగించిన ఒక యంత్రమే చేయించాడు.

పెద్దాయనకి మొదట గురి కుదరలేదు. డెబ్భై దాటిన వయసు. ఒక్క నూక మీద మొత్తం కార్ఖానాని పందెం కాయమంటున్నాడు ఈ పేడబూజుల మనిషి! అయినా లెక్కలు చూశాక తలొంచాడు. 1883 నవంబరు 12న పాత కార్ల్స్‌బర్గ్‌లో ఆ శుద్ధమైన తోడుతో బీరు కాచారు. దానికి ‘కార్ల్స్‌బర్గ్ అడుగు ఈస్ట్ నంబర్ 1’ అని పేరు. బీరు కుదుటపడింది.

*

ఇక్కడిదాకా వచ్చిన వ్యాపారి ఎవడైనా తర్వాత ఏం చేస్తాడు? తాళం వేస్తాడు. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని తోడు తన గూట్లో ఉంది. పక్క బ్రూవరీల బీరు చెడుతుంటే తనది నిలుస్తుంది. ఆ ధీమా మీద రెండు తరాలు కూర్చుని తినొచ్చు.

యాకబ్సెన్ తాళం వెయ్యలేదు. ఆ లేబొరేటరీ పెట్టినప్పుడే నిబంధన రాయించాడు, అక్కడ తేలిన ఏ ఫలితాన్నీ రహస్యంగా ఉంచకూడదని. అడిగిన బ్రూవరీకల్లా తోడు పంపాడు, ఊరికే. హాన్సెన్ పద్ధతి అచ్చయింది. దేశదేశాల నుంచి కోపెన్‌హాగన్ వచ్చి నేర్చుకుపోయారు. బోలు చేతికర్ర అవసరం ఎవరికీ రాలేదు.

ఒకప్పుడు సెడ్ల్‌మైర్ రెండు పాత్రలు పోసివ్వకపోతే తన గుట్ట మీద ఏమీ ఉండేది కాదని ఆయనకి తెలుసు. అందుకే ఇచ్చాడంటాన్నేను. కాదు, సైన్స్ మీద భక్తితో ఇచ్చాడని రాసేవాళ్లున్నారు. రెండూ అయ్యుండొచ్చు.

తండ్రీకొడుకులు చివర్లో మాట్లాడుకున్నారు. 1887 ఏప్రిల్ 30న యాకబ్సెన్ రోమ్‌లో కన్నుమూశాడు. బ్రూవరీని కొడుక్కి కాకుండా తాను పెట్టిన కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్‌కి రాసిపోయాడు. ఆ లేబొరేటరీలోనే 1909లో సోరెన్‌సెన్ అనే ఆయన పీహెచ్ కొలత కనిపెట్టాడు. బావి నీళ్లు పరీక్ష చేయించినా, చేపల చెరువులో పట్టీ ముంచి చూసినా మన రైతులకి కనపడే అంకె అదే.

ఇవాళ అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం మామూలు సరదా. 1978 అక్టోబరు 14న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాక అక్కడ కేంద్ర చట్టం అడ్డు తొలగింది, పెద్దవాళ్లిద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. ఇక్కడ లైసెన్సు లేకుండా అలాంటి పని పెట్టుకుంటే ఎక్సైజ్ వాళ్లొస్తారు, కాబట్టి ఇది చదివి రాగి కాగు దించకండి. అక్కడ గ్యారేజీలో గొట్టం పట్టుకుని, గాజుజాడీలోంచి ఇంకో జాడీలోకి ఊపిరి బిగపట్టి తేట మార్చేవాడికి తన పొట్లంలోని ఈస్ట్ ఎవరి తెల్లచుక్క పద్ధతిలో పుట్టిందో తెలియకపోవచ్చు. మడ్డికి నాలుగు వేళ్లు ఎగువన ఆగాలని మాత్రం తెలుసు.

2013లో కార్ల్స్‌బర్గ్ పాత మాళిగల్లో 1883 నాటి బీరు సీసా ఒకటి దొరికింది. లేబొరేటరీ వాళ్లు అందులోంచి ప్రాణమున్న ఈస్ట్‌ని తీయగలిగారు. దాన్ని పెంచి, 2016లో దాంతో మళ్లీ బీరు కాచి, వచ్చినవాళ్లకి పోశారు.